బావ బూట్లు విప్పని ఆదివారం

ఉగాది వెళ్ళిన తర్వాతి ఆదివారం, పగలు పన్నెండుంబావు. కార్గిల్ యుద్ధం ఆగిన మరుసటి ఏడాది. ఎల్బీనగర్‌లో మా మేనత్త కిరాయికి ఉంటున్న ఇంటి ముందు ఆటో ఆగింది, మా బావ దిగాడు. టైము ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటారా? ఆదివారం పన్నెండు కొడితే నేను ఫోను మోగడం కోసం చూసేదాన్ని. ఆ రోజు ఫోను మోగాల్సిన వేళకు మనిషే వచ్చాడు. ఆ రోజుల్లో అబద్ధం ఆడాలన్నా ఒళ్ళు వంచి కష్టపడాల్సి వచ్చేది. ఇప్పుడేముంది, ఫోను ఎత్తకుండా ఊరుకుంటే చాలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఒక ఎస్టీడీ బూతులో నేను పనిచేసేదాన్ని. అంకెలు వచ్చు, అక్షరాలు రావు (అవి నలభై దాటాక మా బిడ్డ పక్కన కూర్చుని నేర్చుకున్నాను). బావ మిలిటరీలో ఉండేవాడు. చిన్నప్పటి నుంచి చుట్టాలందరూ నన్ను ఆయన పెళ్ళామనే పిలిచారు, ఆయన ఒక్కడు తప్ప. ఆయన మనసు వాళ్ళింటి పక్క పోర్షన్‌లో కిరాయికి దిగిన గోదావరి పిల్ల మీద పడింది. రెండిళ్ళ పెద్దలూ అలిగి, అరుచుకుని, చివరికి పెళ్ళికి ఒప్పుకున్నారు. ఆదివారం పన్నెండింటికి బావ మా బూతుకే ఫోను చేసేవాడు. కోచింగ్‌కు వచ్చిన ఆ పిల్ల అద్దాల తలుపు వేసుకుని మాట్లాడేది. ఆ తలుపు సరిగా పడేది కాదు. "అబ్బే, ఊరుకోండి", "ఏంటండీ, మీరు మరీనూ" అని ముద్దుముద్దుగా వినబడుతుంటే నేను బయట స్టూలు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునేదాన్ని.

యుద్ధం మొదలైంది. టీవీలో రోజూ జెండా కప్పిన పెట్టెలు చూపించారు. ఆ పిల్ల నాన్న గప్‌చుప్‌గా ఇల్లు ఖాళీ చేసి, వాళ్ళ ఊరికి తీసుకుపోయి, ఇంకొకరికిచ్చి పెళ్ళి చేసేశాడు. ఆయన్ను నేను తిట్టను. కన్నవాడికి భయం ఉంటుంది. మా అత్తమ్మ మాత్రం కొంగు జారిపోతున్నా చూసుకోకుండా బూతుకు ఉరికొచ్చింది.

"కోడలా, గీ సంగతి తెలిస్తే వాడు ఆ కొండ మీదికెల్లే దుంకుతడే. ఫోనొస్తే నువ్వే ఆ పిల్ల లెక్క మాట్లాడు."

"నాకు గా మాటలు ఎట్లొస్తయత్తా?"

"ఏమున్నదే, మాట మాటకు అండీ అని తగిలియ్యి. అయిపాయె."

వారమంతా సాధన చేశాను. బూతు సేటును "చాయ్ తాగుతారా అండీ" అన్నాను. (ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఏందమ్మా, జరమొచ్చిందా?" అన్నాడు.) సందులో కుక్కను "పక్కకు జరగండీ" అన్నాను. అది జరగలేదు. ఆదివారం ఫోను మోగింది. "ఎలా ఉన్నారండీ? తిన్నారా అండీ? ఏం తిన్నారండీ?" అని గుక్క తిప్పుకోకుండా అడిగేశాను. అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. అంతా అయ్యాక, "జర మా మరదలికియ్యండి" అన్నాడు. రిసీవరు బల్ల మీద పెట్టి, తలుపు తెరిచి ధడేల్మని మూసి, చెప్పులు టపటపలాడించి, మళ్ళీ ఎత్తి "ఏంది బావా?" అన్నాను.

"పిల్ల ఎట్లున్నదే?"

"మస్తున్నది. నీ మీద బెంగతోని చిక్కిపోయింది."

"మరి నువ్వో?"

"నాకేమైతది? తిని లావైన."

యుద్ధం నడిచినన్నాళ్ళు ఏ ఆదివారమో ఒకసారి మోగేది. తర్వాత కాలికి గాయమైందని కబురొచ్చింది. మేము ఏడ్చుకుంటుంటే ఆయన ఫోనులో "ఏం లేదండీ, బొబ్బంత. మొన్న ఫుట్‌బాల్ కూడా ఆడిన" అని ఆ పిల్లకు (అంటే నాకు) చెప్పాడు. ఇక అప్పటినుంచి వారం తప్పలేదు. నేనుగా బావతో ఏనాడూ అనలేని మాటలు ఆమె గొంతులో సులువుగా వచ్చేవి. "మీరు రాకపోతే నేనుండలేనండీ" అన్నాను ఒకసారి. ఆ మాట అత్తమ్మ నేర్పింది కాదు.

బావ వస్తున్నాడని తెలిశాక అత్తమ్మ మా అందరికీ పాఠం చెప్పింది: పిల్ల పరీక్ష రాయడానికి ఊరెళ్ళింది, మిగతాది తర్వాత చూద్దాం. ఆటో దిగిన బావ తళతళలాడే బూట్లతో నెమ్మదిగా గడప దాకా వచ్చి ఆగాడు. అత్తమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది.

"బూట్లిప్పు కొడుకా, కాళ్ళు కడుగుత."

"ఉండనియ్యమ్మా. మిలిటరీ బూట్లు ఊకూకె ఇప్పొద్దంటరు."

మామ లోపలి నుంచి అన్నాడు: "మిలిటరీ అక్కడరా. ఇది మీ అమ్మ గడప."

పై అంతస్తు నుంచి ఓనరమ్మ తొంగిచూసి, "ఏందక్కా, పిలగాడు ఇంట్లకు రానంటుండా?" అంది. అత్తమ్మకు పరువు పోయినట్టయింది. ఇక మాటల్లేవు. వంగి, బడికి పోయే రోజుల్లో లాగినట్టే ఆయన కుడి బూటు పట్టుకుని ఒక్క లాగు లాగింది. పట్టీ ఎక్కడ వదులైందో, బూటుతో పాటు పెట్టుడు కాలూ ఊడివచ్చింది. అత్తమ్మ వెనక్కి కూలబడింది, బూటు ఒళ్ళో పెట్టుకుని. బావ ఒంటికాలి మీద తలుపుచెక్క పట్టుకుని నిలబడ్డాడు.

నా నోరు ఆగలేదు. "అయ్యో! ఏమైందండీ మీకు! ఇన్నాళ్ళూ నాకు చెప్పనేలేదేంటండీ!"

చెంబు దొర్లుకుంటూ మెట్లు దిగిపోయింది. బావ నా వైపు చూశాడు, చూసి చూసి పగలబడి నవ్వాడు. "ఏమండీ, మా మరదలు ఎక్కడుందండీ?" అన్నాడు. అత్తమ్మ ఏడుస్తూనే ఆయనకు మిగిలిన కాలి మీద ఒక దెబ్బ వేసింది. మామ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అన్నాలప్పుడు అడిగాను. రెండో ఫోనుకే పసిగట్టాడట.

"ఆమె ఎన్నడూ తిన్నవా అని అడగలే. నువ్వు ఫోనెత్తితే గదే ముచ్చట."

"మరి తెలిసీ ఎందుకు చేసినవ్?"

"దవాఖానల పండుకొని కండ్లు మూసుకుంటే, ఆమే మాట్లాడినట్టుండె."

నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నదే అన్నాడు. సందు దొరికిందని అత్తమ్మ, "ఇగ దీన్నే చేసుకోరా, సగం కాపురం ఫోన్లనే అయిపాయె" అంది. నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన కాదనలేదు. "ఒక్కసారి గా గొంతుతోని మాట్లాడవే, గిదే ఆఖరు" అన్నాడు.

"భోంచేశారా అండీ?" అన్నాను.

బావ కళ్ళు మూసుకున్నాడు. ఎదురుగా నేనున్నాను. ఆయన కళ్ళు తెరుస్తాడేమోనని మెతుకులు కలుపుతూ చూశాను, చారు చల్లారింది. లేచి చెయ్యి కడుక్కుని, "సేటు తిడ్తడు, పోతున్నత్తా. పెండ్లి ముచ్చట మల్ల తియ్యకు" అని చెప్పి దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. ముఖం అటు తిప్పుకోవడానికి పనికొచ్చింది.

తర్వాత మీర్‌పేట్‌లో ఒక బస్సు డ్రైవరుకు నన్నిచ్చారు. మంచివాడు, నన్ను నా పేరుతోనే పిలిచాడు. బావ ఎల్బీనగర్‌లో తనే ఒక బూతు పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. పండుగలకు కనబడితే "తిన్నవా?" అని ఆయనే ముందు అడిగేవాడు. సెల్‌ఫోన్లొచ్చి బూతు మూతబడింది. ఆయనా పోయాడు.

ఇప్పుడు కూడా కొత్త నంబరు నుంచి ఫోనొస్తే "ఎవరండీ?" అని తీయగా అంటాను. మా బిడ్డ పడీపడీ నవ్వుతుంది: "అమ్మా, నువ్వెప్పుడైతివే గోదావరిదానివి?" "ఏడాది పాటు ఉన్న బిడ్డా" అంటాను. పరాచికమనుకుంటుంది. నేనూ నవ్వుతాను, ఖాళీ బూతులో తలుపు ధడేల్మని వేసి తన దగ్గరకు తనే పరుగెత్తిన ఆ పిచ్చిదాన్ని తలచుకుని.

ఆ ఆదివారం గడప దగ్గర ఉన్నవాళ్ళు: ఒళ్ళో బూటుతో అత్తమ్మ, కండువాతో ముఖం తుడుచుకుంటూ మామ, పైనుంచి ఓనరమ్మ, ఒంటికాలి మీద బావ, నేను. ఫోను మోగితే ఎత్తడానికి ఇవాళ వాళ్ళలో నేనొక్కదాన్నే ఉన్నాను.