పారబోయడానికి చేతులు రాలేదు

ఇప్పుడే మనవరాలు గిన్నెలు కడిగిన నీళ్లు వాకిట్లో పారబోసింది. ఆ చప్పుడుకు నా వేళ్లు బిగుసుకున్నాయి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే అదే కూర్చుని రాస్తోంది. రాయవే, మాబక్క సంగతి రాయి.

మాబక్క తాడిపత్రి దగ్గర బండల గనిలో మా ఆడవాళ్లకు మేస్త్రి. బండ ఎత్తేటప్పుడు ఆమె కేక పెడితేనే మా నడుములు లేచేవి. పంతొమ్మిదివందల అరవైల్లో, పని ఆగిన ఒక వేసవిలో, పదిమందిమి వీపున మూటలు కట్టుకుని రామేశ్వరం బయలుదేరాం.

"సాయిబుల ఆడమనిషివి, మా దేవునితో నీకేం పనక్కా?" అని ఎగతాళి చేస్తే, "దేవుడు మీవాడేలే. రైలు యాడ మారల్లో నాకు కదా తెలిసేది!" అన్నది.

అక్కడ ఒక పడవవాడు సముద్రంలో దీవులు చూపిస్తానని పిలిచాడు. పదిహేనుమంది పట్టే పడవలో ముప్పైమందిని కుక్కాడు. కాళ్లు చాపే చోటు లేదు. తీర్థం తెచ్చుకుందామని పట్టుకెళ్లిన నా పెళ్లినాటి ఇత్తడి బిందె నా ఒళ్లోనే ఉంది. మొదటి దీవి దాటగానే గాలి లేచింది. అలలు అంచు మీదుగా లోపల పడ్డాయి. చూస్తుండగానే నీళ్లు చీలమండలు ముంచాయి. పడవవాడు ఒక డబ్బా నా చేతికిచ్చి, తోడి బయట పొయ్యమని సైగ చేశాడు.

తోడాను. పారబోయడానికి చేతులు రాలేదు. మా ఊళ్లో బిందెడు నీళ్లకు రెండు మైళ్లు నడిచేదాన్ని. ముఖం కడిగిన నీళ్లు కూడా బర్రెకు పెట్టేవాళ్లం. ఆ డబ్బా తెచ్చి బిందెలో పోశాను. మళ్లీ తోడి మళ్లీ బిందెలోనే. అది చూసి మావాళ్లంతా చెంబులూ తపేలాలూ చాపారు. ఒక్క చుక్క బయటికి పోలేదు. పడవ అంచుకూ సముద్రానికీ మధ్య జానెడే మిగిలింది. పడవవాడు తన భాషలో గొంతు చించుకుంటున్నాడు.

ముందువైపు కూర్చున్న మాబక్క మనుషుల భుజాలు పట్టుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తాండావే నాగీ?"

"నీళ్లక్కా..."

"ఉప్పునీళ్లే అవి! యాడికి మోసుకుపోతావే? పారబొయ్!"

"చేతులు రాలేదక్కా."

చెంప ఛెళ్లుమంది. నిండు బిందెను నా ఒళ్లోంచి లాగి, ఎత్తి, సముద్రంలోకి విసిరేసింది. నా బిందె అని ఏడ్చాను.

"బిందె ఇంగోటి వస్తాది. నువ్వు పోతే ఇంగోదాన్ని యాడ తెచ్చేది? ముంచు! పొయ్!"

అది బండ ఎత్తే కేక. ఆ గొంతుకు మా చేతులు వాటంతటవే లేచాయి. ముంచు, పొయ్. ముంచు, పొయ్. రెండో దీవి ఇసుకకు పడవ అడుగు తగిలేదాకా ఆమె ఆపలేదు.

ఒడ్డున అందరం కూలబడ్డాం. మాబక్క తన మూట విప్పింది. అందులో చెంబు, దాని మూతికి గట్టిగా బిగించిన గుడ్డ. చెంబు నిండా ఉప్పునీళ్లే.

"ఇదేందక్కా?"

ఆమె అటు తిరిగి, "నేను మొదట తోడిన నీళ్లు. ఇదొక్కటీ పారబొయ్యలేకపోతినే" అన్నది. ఏడుస్తూనే అందరం నవ్వాం.

తర్వాత చాలా ఏళ్లకు మా ఆయన పోయినాడు. ఆయనకు చివరి స్నానం చేయించాక కడవలో కాసిని నీళ్లు మిగిలాయి. ఎవరెన్ని చెప్పినా కడవ వదల్లేదు నేను. మాబక్క వచ్చి నా వెనక నిలబడింది. ఈసారి కేక పెట్టలేదు.

"పొయ్, నాగీ" అన్నది మెల్లగా.

పోశాను. ఇప్పుడు ఆమె కూడా లేదు. ఆ మాట నాకు నేనే చెప్పుకోవాలి.