కొబ్బరి చిప్పలో అంగిలి

పిల్లలకి ఆరోగ్యపాఠాలు ఎలా చెప్పాలో మాకు చెప్పడానికని అమలాపురంలో శిక్షణ పెట్టేరు. పెట్టింది మే నెలలో. పగవాణ్ణి పొడవదలుచుకున్నవాడు కూడా కోనసీమలో మే నెల పోయేదాకా ఆగుతాడండి. చెమటకి కత్తి చేతిలోంచి జారిపోతుంది మరి. అలాంటి నెలలో, రేకుల కప్పు హాల్లో, చుట్టుపక్కల మండలాల మేష్టర్లందర్నీ ఇడ్లీపాత్రలో పిండి పోసినట్టు పోసి మూత పెట్టేరు.

గుమ్మంలోనే అవమానం. ఫోనుకి మొహం చూపిస్తే గానీ హాజరు పడదు. నా మొహం మీద చెమట గౌతమిగా, వశిష్ఠగా చీలి సముద్రం వైపు పారుతోంది. ఫోను నన్ను గుర్తుపట్టనంది. ఇన్నేళ్ళుగా సోషల్ పాఠం చెబుతున్న మొహాన్ని పట్టుకుని, నిన్నగాక మొన్న కొన్న ఫోను ఎవరు నువ్వని అడిగింది.

“కాస్త కోపం తగ్గించుకుని చూడండి మేష్టారూ, ఇంట్లో ఉన్నట్టు పెట్టండి మొహం” అన్నారు వెనకాలున్న డ్రిల్లు మేష్టారు.

“ఇంట్లో ఇంతకన్నా కోపంగా ఉంటానండి” అన్నాను.

అబద్ధం కాదు. ఇంట్లో మా అత్తగారుంటారు. రిటైరైన ఎలిమెంటరీ టీచరు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, మనవలెత్తినవాళ్ళు సైతం, రోడ్డు మీద ఆవిడ ఎదురైతే అరచేతులు వెనక్కి దాచుకుంటారు. బెత్తం అంత బలంగా గుర్తుండిపోయింది. నన్ను మాత్రం పెళ్ళైన రోజు నుంచీ ఆవిడ ‘మీరు’ అనే అన్నారు, ప్రతి మాటకీ ‘అండీ’ తగిలించేరు. ఆ ‘అండీ’ దెబ్బ కంటే బెత్తమే నయం.

ఆవిడకో అలవాటుంది. అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. అంతర్వేది దగ్గర పడవల మీద బతికిన వాళ్ళ నాయనమ్మ నేర్పించిందట. నిప్పు నోట్లో ఉంటే సముద్రపు గాలికి ఆరదు, ఎదుటివాడికీ కనపడదు. టీచరమ్మకి ఇంతకంటే వీలైన ఏర్పాటేముంది! పెరట్లో అరటిచెట్ల చాటున కూర్చుని కాలుస్తారు. ఆదివారం మాత్రం చర్చిలో ఆరాధన అయ్యేదాకా ముట్టరు. ఊరంతటికీ తెలుసు. తెలుసని చెప్పే మొనగాడు గోదారి మూడు పాయల మధ్య ఇంకా పుట్టలేదు.

కొన్నాళ్ళుగా ఆవిడ కారం మానేసేరు. పులుసన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునేవారు. ఆవకాయ జాడీ ఎదురుగా పెడితే పక్కకి నెట్టేసేవారు. మా ఆవిడ హడిలిపోయి, “ఏదీ, నోరు తెరమ్మా, చూస్తాను” అంటే, “గేదెని కొంటున్నావా, పళ్ళు చూడ్డానికి?” అనేవారు. డాక్టరు దగ్గరికి రమ్మంటే, “ఆ డాక్టరుకి ఎక్కాలు నేర్పింది నేనే. పదమూడో ఎక్కం దగ్గర ఇప్పటికీ తడబడతాడు. వాడికి నోరప్పగించమంటావా?” అనేవారు.

సరే, హాల్లోకి వద్దాం. మాకు పాఠం చెప్పడానికొచ్చింది ఒక పళ్ళ డాక్టరు. మా అమ్మాయి వయసుంటుంది. చూపు మాత్రం మా అత్తగారిది. వచ్చీ రాగానే, “మీరంతా సెలవులు పోయేయని ఏడుస్తున్నారని నాకు తెలుసు. నేనూ ఏడుస్తున్నాను. మొదలెడదాం” అంది. గారెలు పెట్టిన భోజనమయ్యేక, కళ్ళు మూతలు పడుతున్న వేళ చూసి, తెర మీద నోళ్ళు చూపించింది. ఒక్కో నోరూ సింహద్వారం అంత. చివర్లో, “ఇది అడ్డపొగ కాల్చేవాళ్ళ అంగిలి” అంది. సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు.

“కారం తగిలితే మంటంటారు. అలా అన్నారంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. క్యాన్సర్‌కి దారి అక్కడే పడుతుంది.”

నాకు మా అత్తగారు పక్కకి నెట్టేసిన ఆవకాయ జాడీ గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చూసినదంతా చెప్పేను. అత్తగారు విసనకర్ర ఆపకుండా విన్నారు.

“సినిమా చూపించి భయపెట్టేరన్నమాట. దాన్ని పాఠం అనరండి అల్లుడుగారూ.”

అంతటితో సరి. ఇక నాకు మిగిలింది నా గొడవే. ఆఖరి రోజున మేం తలో పాఠం చెప్పి చూపించాలి, దానికి ఉపకరణం సొంతంగా తయారు చేసుకురావాలి. నా వంతుకి వచ్చింది పొగాకూ, నోరూ. వీధి అరుగు మీద కూర్చుని థర్మకోల్‌తో నోరు కోయడం మొదలెట్టేను. నా చుట్టూ కురిసిన తెల్ల పొట్టు చూసి వీధిలో వాళ్ళు కోనసీమలో మంచు పడిందనుకుని ఉంటారు. అత్తగారొచ్చి నిలబడ్డారు.

“ఇదేవిటండీ?”

“నోరండి.”

“ఎవరిదండీ?”

“మనిషిదండి.”

“పాపం! లారీ గుద్దిందాండీ?”

నేను పళ్ళు అతికిస్తూ ఉండిపోయేను.

“అంగిలి బల్లపరుపుగా ఉందేవిటి? మీ అంగిలి మీద క్యారమ్సు ఆడతారా? దీన్ని పట్టుకెళ్ళి పిల్లల ముందు పెడతారూ? ఫలానా టీచరమ్మ అల్లుడని చెప్పుకుంటారూ?”

“అయితే మీరే చెయ్యండి” అన్నాను, ఒళ్ళు మండి.

“ఆయ్. చేస్తానండి. చెయ్యక చస్తానా? ఇంట్లో పరువనేది ఒకటుంది కదా.”

పాత పేపర్లు నానబెట్టేరు. మెంతులు వేసి రుబ్బేరు. ఆ గుజ్జుని అరచెక్క కొబ్బరి చిప్ప లోపల పులిమేరు. అంగిలి వంపు అచ్చంగా దిగింది. పళ్ళకి ఎండిన గుమ్మడి గింజలు గుచ్చేరు. మర్నాడు గుజ్జు గట్టిపడ్డాక, మా అబ్బాయి చిన్నప్పటి రంగుల డబ్బా, మా ఆవిడ పౌడరు అద్దం పట్టుకుని గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు. ఎంతసేపటికీ రారు. మధ్యలో మంచినీళ్ళివ్వబోతే, లోపల్నించి కసురు. అద్దమెందుకో నాకు తట్టలేదు. మా సోషల్ మేష్టర్ల బుర్ర అంతేనండి, రాజులు పోయి వందల ఏళ్ళయితే గానీ విషయం అందదు.

ఆఖరి రోజు పొద్దున్న పాత చీరముక్కలో చుట్టి చేతిలో పెట్టేరు.

“బస్సులో ఒళ్ళో పెట్టుకోండి. మీ తలకాయ పగిలినా ఫరవాలేదు, ఇది పగలకూడదు.”

హాల్లో ఆవేళ ఊచకోత జరిగింది. డాక్టరమ్మ ఒక్కో పాఠాన్నీ కొబ్బరికాయ వలిచినట్టు వలిచేసింది. చేతులు కడుక్కోవడం మీద డ్రిల్లు మేష్టారు చెప్పిన పాఠానికి, “మీరు ముందు సబ్బు కొనుక్కోండి సార్” అంది. నా వంతొచ్చింది. చీరముక్క విప్పేను. అప్పుడే నేనూ చూడ్డం. తెల్లటి అంగిలి, ఎర్రటి చుక్కలు. తెర మీద నోరు చేతిలోకి దిగొచ్చినట్టుంది. నాకే కాలర్ ఎగరెయ్యాలనిపించింది.

డాక్టరమ్మ చిప్ప అందుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. చాలాసేపు తిప్పింది.

“సార్, ఈ తెలుపూ, ఈ చుక్కలూ నేను చూపించేను. ఎడం పక్కన ఈ పుండు, అంచులు పైకి లేచినది, నేను చూపించలేదు. ఎవరి నోరు చూసి చేసేరిది?”

“చేసింది మా అత్తగారండి. అద్దం...” అని ఆగిపోయేను. అద్దమెందుకో అప్పుడు తట్టింది.

అత్తగారి నోరనేసరికి హాలంతా గొల్లుమంది. డాక్టరమ్మ ఒక్కత్తే నవ్వలేదు.

“రేపు పొద్దున్న నేను ఆస్పత్రిలో ఉంటాను. తీసుకురండి.”

“ఆవిణ్ణి తీసుకురావడం కంటే గోదార్ని భద్రాచలం దాకా వెనక్కి తోలడం సులువండి.”

“ఆ తోలేదేదో తోలండి. ఇక్కడ చెప్పిన పాఠానికి మార్కులు లేవు సార్, దానికే” అని చిప్ప నా చేతిలో పెట్టేసింది.

బస్సులో కూర్చుని ఆలోచించేను. బతిమాలితే రారు. భయపెడితే రారు. కూతురు ఏడ్చినా రారు. ఆవిడకి చావంటే లెక్కలేదు. మరి దేనికి లెక్కుంది?

ఇంటికెళ్ళేసరికి గుమ్మంలోనే ఉన్నారు.

“ఏమన్నారండీ?”

“పాఠం బాగుందన్నారండి” అని చెప్పులు నెమ్మదిగా విప్పేను. “ఉపకరణమే తప్పన్నారు.”

విసనకర్ర ఆగింది.

“అంగిలి మీద ఆ చోట అలాంటి పుండు ఉండదుట. చేసినావిడెవరో తెలీక ఊహించి రంగులు పూసేరు, పిల్లలకి ఇలాంటివి చూపించకండి అన్నారండి.”

“ఊహించా?” అన్నారావిడ. ఆ మాటకి పెరట్లో కాకులు లేచిపోయేయి. “ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పేను. ఊహించి సున్నా కూడా చుట్టలేదు. ఎక్కడుంటుందండీ ఆ పిల్ల?”

మర్నాడు తెల్లారేసరికి గంజిపెట్టిన చీర కట్టుకుని, గొడుగుచ్చుకుని, చిప్ప ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద సిద్ధం. మా ఆవిడ నోరు తెరిచి ఏదో అనబోతే కాలు తొక్కేను.

ఆస్పత్రిలో పళ్ళ కుర్చీ ఎక్కి, ఎవరూ అడక్కుండానే కూర్చున్నారు.

“చూడమ్మా. తొందరపడకు. బాగా చూడు. చూసి, తప్పెక్కడుందో చెప్పు.”

అని నోరు తెరిచేరు. మా ఆవిడా నేనూ నెలల తరబడి కాళ్ళావేళ్ళా పడ్డా తెరవని నోరది. డాక్టరమ్మ ఓ చేత్తో లైటు, ఓ చేత్తో చిప్ప పట్టుకుని ఇటూ అటూ చూసింది.

“తప్పు లేదండి మేడమ్. ఎక్కడా లేదు.”

“మరి తప్పని ఎందుకన్నావు?”

“నేననలేదండి.”

అత్తగారు తల తిప్పేరు. ఆ చూపు గురించి రాయాలంటే కాగితం కాలిపోతుంది. గోడనున్న కేలెండరు వెనక్కి దూరిపోదామనుకున్నాను.

“మేడమ్, ఆ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఇవాళే” అంది డాక్టరమ్మ.

లేచి వచ్చేస్తారనుకున్నాను. గొడుగు ఎక్కడుందో కూడా చూసుకున్నారు. మా ఆవిడ రెండు చేతులూ బిగించుకుని నిలబడింది. అత్తగారు డాక్టరమ్మ చేతిలో చిప్ప వంక చూసి, మళ్ళీ వెనక్కి వాలేరు.

“తియ్యి. ముందా మనిషిని బయటికి పంపించు.”

నేను వరండాలోకొచ్చి నిలబడ్డాను.

క్యాన్సర్ ఇంకా కాలేదన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే అయ్యేదన్నారు. పుండు కోసి తీసేసేరు. చుట్ట మాట ఇక ఎత్తొద్దన్నారు. ఆవిడ ఎత్తలేదు. పొగగా పోవలసిన కోపమంతా ఇప్పుడు పొగ కాకుండా నేరుగా నా మీదికే వస్తోంది. ‘మీరు’ పోయింది, ‘అల్లుడుగారూ’ పోయింది. “ఆ మనిషికి అన్నం పెట్టు”, “ఆ మనిషిని ఫ్యాను తగ్గించమను” అని మా ఆవిడ ద్వారానే వ్యవహారం. చుట్ట లేక చేతులు ఊరుకోక గిన్నెలన్నీ తోమిందే తోముతున్నారు. మా ఇంట్లో ఇత్తడి చెంబు చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి.

కొన్ని నెలలకోసారి నోరు చూపించుకోవాలి. గడువు ఒక్కరోజు కూడా దాటనివ్వరు. ఆటోలో మా ఆవిడ ఓ మూల, నేనో మూల. అత్తగారు మాత్రం మా మధ్య ఖాళీగా ఉన్న చోటు వంక కూడా చూడకుండా, డ్రైవరు పక్కన ఉన్న బెత్తెడు చోట్లో ఇరుక్కుని, గొడుగు నిలబెట్టి పట్టుకుని, అమలాపురం దాకా అలాగే వస్తారు.