సంగటి తెలియని ఫోను

ఆదివారం మధ్యాహ్నం అందరం చాప మీద కూర్చుని తింటున్నాం. మా చిన్నవాడు కంచం ముందుకు తోసి ఇంకో ముద్ద కావాలన్నాడు. మా అత్త రాగిసంగటి గిన్నెలో చెయ్యి పెట్టేలోపే పక్కనున్న వాళ్లక్క వాడి చెయ్యి పట్టుకుంది.

"వద్దురా. అమ్మకు ఎరుపొస్తాది."

గట్టిగా అనలేదు. బడిలో పక్కపిల్లకు జవాబు అందించినట్టు వాడి చెవి దగ్గర అంది. వాడికి నాలుగేళ్లు కూడా లేవు. అక్క చెప్పింది కదా అని కంచం వెనక్కి లాక్కున్నాడు. నీళ్ల చెంబుకు ఆనించి పెట్టిన నా ఫోను వైపు ఇద్దరూ ఒకసారి చూశారు. నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మా ఇంట్లోకి ఏదో రాకూడనిది వచ్చిందని నాకు తెలిసింది అప్పుడే.

అత్త నవ్వి వాడి కంచంలో ముద్ద వేసింది. వాడు తిన్నాడు. పెద్దపిల్ల మాత్రం తన కంచం శుభ్రంగా ఊడ్చి లేచిపోయింది. ఆ కంచంలో తను పెట్టించుకున్నదే నిమ్మకాయంత.

ఆ ఫోను మా చాప మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. పోయిన ఎండాకాలం చిత్తూరు నుంచి మా అమ్మ వచ్చినప్పుడు అందరం తిరుచానూరు అమ్మవారి గుడికి వెళ్లాం. మా ఆయన పనిచేసే లాడ్జీలో చెప్పులు వదిలి నడిచాం. మిట్టమధ్యాహ్నం. బండలు కాలిపోతున్నాయి. మేమూ, వచ్చిన యాత్రికులూ నీడ కోసం గెంతుతుంటే, మా అమ్మ ఎండలో నిలబడి పూలామెతో మల్లెలు బేరమాడుతోంది. నీకు కాళ్లు కాలడం లేదా అమ్మా అని పూలామె అడిగింది. అంతా అమ్మవారి దయ అంది మా అమ్మ, కొంచెం గర్వంగానే. మేమందరం నవ్వాం.

ఇంటికి వచ్చి చూస్తే అరికాళ్లు రెండూ బొబ్బలు. ఏళ్లుగా ఉన్న చక్కెర జబ్బు ఆమె పాదాల్లో స్పర్శను ఎప్పుడు పట్టుకుపోయిందో ఆమెకే తెలియదు. పుండ్లు మానేదాకా అమ్మను మా దగ్గరే ఉంచుకున్నాను. నేను కట్లు మారుస్తుంటే పెద్దపిల్ల పక్కనే గొంతుక్కూర్చునేది. ఆ కాలి బొటనవేలిని మెల్లగా తాకి, "తెలస్తా ఉండాదా అమ్మమ్మా?" అని రోజూ అడిగేది. రోజూ మా అమ్మ తెలుస్తోందనే చెప్పేది. కళ్లు అటు తిప్పుకుని చెప్పేది.

అమ్మ వెళ్లాక నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఒకసారి చక్కెర పెరిగింది. కాన్పుతో పోయింది కదా అని మరిచిపోయాను. డాక్టరమ్మ కాగితం చూసి, జబ్బు ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం దాకా వచ్చింది అంది. బరువు తగ్గి రోజూ నడిస్తే అక్కడి నుంచే వెనక్కి పంపే వీలుందని కూడా అంది. గుమ్మం దాకా వచ్చిందన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. తెల్లవారాక రెండో మాట పట్టుకుని లేచాను.

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఫోనులో ఒక యాప్ వేసి ఇచ్చింది. తిన్నది నోటితో చెబితే అదే రాసుకుంటుంది. నడక లెక్కపెడుతుంది. రోజంతా తిండి హద్దులో ఉండి, నడక సరిపోతే తెర మీద పచ్చని వలయం నిండి చిన్నగా గంట మోగుతుంది. తిండి హద్దు దాటితే వలయం ఎర్రబడుతుంది. ఇడ్లీ, దోశె, చపాతీ, చివరికి నేనెప్పుడూ చూడని తిండ్లు కూడా దానికి తెలుసు. సంగటి ఒక్కటే తెలియదు. "ఒక ముద్ద సంగటి" అని ఎంత నిదానంగా చెప్పినా "ఒక ముద్ద సంగతి" అని రాసుకునేది. నాలుగు రోజులు దానితో పోట్లాడి, చివరికి రాగిజావ అని చెప్పడం మొదలుపెట్టాను. మా అత్తది సత్యవేడు పక్క పల్లె. ఆమెకు ఇది భలే నచ్చింది. వీధి ఆడవాళ్లందరి ముందూ అనేది:

"మేమంతా సంగటి తింటాము. మా కోడలు సంగతులు తింటాది. సంగతులు తింటే ఒళ్లెందుకొస్తాది మే?"

అంటే అననీ అనుకున్నాను. పొద్దున పిల్లలు లేవకముందే నడిచాను, సాయంత్రం చిన్నవాణ్ణి అత్తకు అప్పగించి నడిచాను. వానొస్తే మిద్దె మెట్లు ఎక్కి దిగాను. నెలలు గడిచేకొద్దీ బరువు తగ్గింది, చీరకు ఒక కుచ్చిలి ఎక్కువ వచ్చింది. అయినా భయం మాత్రం తగ్గలేదు. పడుకునే ముందు జడపిన్నుతో అరికాలు గీసి చూసుకునేదాన్ని, తెలుస్తోందా లేదా అని. పిల్లలు నిద్రపోయారనే అనుకునేదాన్ని.

ఒకరోజు అత్త పొరపాటున నా ఫోను నడుము దగ్గర రొంటిన దోపుకుని బజారుకు వెళ్లింది. దారిలో కనిపించిన ప్రతి ఇంటి ముందూ ఆగి, మాట్లాడి, చీకటిపడే వేళకు వచ్చింది. నేను ఇల్లు కదలలేదు. కానీ వలయం నిండి గంట మోగింది. "మీ అవ్వ నడిస్తే నాకు పచ్చ వచ్చింది" అని పిల్లలకు చెప్పి పడీపడీ నవ్వాను.

ఇంకో మాట కూడా అన్నాను. పిల్లలు కంచంలో వదిలింది నేను తినేస్తాను. పారేయడానికి చెయ్యి రాదు. అలా తిన్న ఒక పూట ఎరుపు వచ్చింది. "మీరు వదిలింది తినే నాకీ ఎరుపు" అన్నాను విసుగ్గా. ఆ తర్వాత పెద్దపిల్ల కంచంలో మెతుకు మిగల్లేదు. బడి నుంచి అన్నం డబ్బా ఖాళీగా వస్తే బాగా తింటోందని సంతోషించాను. బడి గౌను నడుము దగ్గర వదులైతే, అత్త పిన్నీసు పెడుతూ బిడ్డ పొడుగవుతా ఉండాది అంది. నేనూ అవునన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం ఆరిన బట్టలు తీద్దాం రమ్మని పెద్దపిల్లను మిద్దె మీదికి తీసుకెళ్లాను. డబ్బాలోది ఎవరికి పెడుతున్నావని అడిగాను. పక్కన కూర్చునే పిల్లకు అంది. కోప్పడతానేమోనని ఒకసారి నా ముఖం చూసి, మళ్లీ క్లిప్పులు ఊడదీయసాగింది.

"లావైపోతానని భయమా నీకు?" అన్నాను. నాకు తోచిన భయం అదొక్కటే.

నేనేదో తెలివితక్కువగా అడిగినట్టు చూసింది.

"నాకెందుకు భయం మా? అవ్వ నడిస్తే నీకు పచ్చ వచ్చింది గదా. మేము తింటే నీకు ఎరుపు రాదా?"

"వస్తే ఏమవుతాది?"

"నీకు అమ్మమ్మ కాలొస్తాది."

తను చదివేది రెండో తరగతి. ఇంటిల్లిపాదికీ కలిపి ఆ ఫోనులో ఒకటే లెక్క ఉందనుకుంది. ఆ లెక్కలో తన ముద్ద తగ్గించి నా పాదాలను కాపాడుతోంది. ఇప్పుడు తమ్ముడి ముద్ద దాకా వచ్చింది. బట్టలు భుజాన వేసుకున్నాను. తనే నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే అంతా చెప్పాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, "తీసి పారేస్తాండా మే ఈ యాప్‌ను. నువ్వు బాగానే ఉండావు," అన్నాడు. ఇవన్నీ లేని కాలంలో మనుషులు బతకలేదా అని అత్త అందుకుంది. నేను ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాను.

"మా అమ్మ గూడా బాగానే ఉన్నింది, ఆ బండ మీద నిలబడినప్పుడు."

అత్త లేచి ఆయనకు కంచం పెట్టింది.

యాప్ తీసేస్తే నా నడక కూడా ఆగిపోతుందేమోనని భయం. ఉంచితే పిల్ల ఏమైపోతుందోనని భయం. రెండూ నిజమైన భయాలే. రెండూ నేనే మొయ్యాలి, ఒక్కటి కూడా పిల్లల నెత్తిన పెట్టకూడదు. ఆ పూటే గంట మోగకుండా ఆపేశాను. ఫోను చోటు బీరువా మీదికి మార్చాను. చెప్పాల్సిన లెక్కేదో గిన్నెలు కడిగాక ఒక్కదాన్నే చెప్పుకుంటాను. పిల్లలు వదిలింది ఇకమీదట వీధిలో ఆవుకు. చెయ్యి రాకపోయినా సరే. ఇవన్నీ పెద్దవాళ్ల ఏర్పాట్లు. అసలు మాట పిల్లలకు చెప్పాలి. ఇన్నాళ్లూ నా చక్కెర సంగతి వాళ్లకు తెలియకూడదని దాచాను. దాచినదాన్ని పెద్దపిల్ల తనకు తోచినట్టు పూర్తి చేసుకుంది.

మర్నాడు పొద్దున్నే సంగటి కెలకమని అత్తను అడిగాను. శెనక్కాయల ఊరుబిండి పచ్చడి నేను నూరాను. ఇద్దర్నీ చాప మీద కూర్చోబెట్టి, ఫోను పెద్దపిల్ల చేతికిచ్చి, సంగటి అని చెప్పి చూడమన్నాను. బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. సంగతి అని వచ్చింది. చిన్నవాడు లాక్కుని అరిచాడు. మళ్లీ సంగతే. పెద్దపిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుని, "తప్పు రాసింది మా," అంది.

ఫోను తీసి బీరువా మీద పెట్టి వచ్చి, వాళ్ల ఎదురుగా కూర్చున్నాను.

"మనింట్లో రోజూ చేసుకునే సంగటే దానికి తెలీదు. మీ ఆకలి దానికేం తెలుస్తాది? అవ్వ ఆ పొద్దు దాన్ని రొంటిన పెట్టుకోని పోయినాది కాబట్టి అవ్వ నడక నా లెక్కలో పడింది. అంతే. మీరు తినేది అందులో పడదు. నాకు కొంచెం ఒంట్లో బాగలేదు, నిజమే. అమ్మమ్మ కాలు రాకుండా నేను రోజూ నడస్తా, డాక్టరమ్మ చెప్పినట్లు తింటా. ఒక్క దినం గూడా మానను. అది నా పని, మీది కాదు. మీ పని ఒకటే. ఆకలైతే ఇంకో ముద్ద పెట్టమని అడగండి."