సుచరిత ఇచ్చేసిన బీట్ ప్యాడ్

బాన్సువాడలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సుచరిత అటెండరు. గదుల తాళాలు తీయడం, బల్లలు తుడవడం, ఫైళ్లను ఒక గది నుంచి మరొక గదికి చేర్చడం ఆమె పని. ఎవరి వస్తువు వారికే చేరాలన్న పట్టింపు ఆమెకు గట్టిది. టీ కప్పు కింద పెట్టుకోవడానికి పక్క బల్ల మీది పాత అట్టను గుమాస్తా లాగబోయినా, “అది మీది కాదు సార్. అడిగి ఇస్త, ఆగుండ్రి” అనేది. అటువంటి మనిషి, తనది కాని వస్తువును తన రెండు చేతులతో తీసుకువెళ్లి చర్చిలో దేవుని బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆ వస్తువు ఆమె కూతురు కెజియాది. కెజియా ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నది. ఫోను మీద వేళ్లతో తడుతూ బీట్లు కట్టడం ఆ పిల్లకు బడినాటి అలవాటు. పదో తరగతి పాసైతే బీట్ ప్యాడ్ కొనిస్తానని తల్లి మాట ఇచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం కొన్నది కూడా. అది పలకంత పరికరం. దాని మీద నాలుగు వరుసల్లో రబ్బరు గళ్లుంటాయి. చుట్టూ వినిపించే ఏ చప్పుడునైనా అది పట్టుకొని ఒక్కొక్క గడిలో దాచుకుంటుంది. వేలితో తడితే తిరిగి పలుకుతుంది.

అది ఇంటికి వచ్చిన సాయంత్రం కెజియా ఎవరినీ కుదురుగా ఉండనివ్వలేదు.

“అమ్మా, ఆ గిన్నె మీద గంటెతోని కొట్టు.”

“నేను అంట్లు తోముకోవాల్నా, నీకు బాజా కొట్టాల్నా?”

“ఒక్కసారే అమ్మా. నడుమల కాదు, అంచుకు. ఆఁ, గట్ల!”

సుచరిత అత్తగారు పూలమ్మ చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటున్నది. కెజియా పరికరాన్ని ఆమె మోకాలి దగ్గరికి జరిపింది. “నానమ్మా, నువ్వు ఆపకు, దంచు.”

“నేను దంచేది గూడ పాటనేనాయే? ఈ పోరికి పిచ్చి లేసింది!” అన్నది పూలమ్మ. ఆ మాట కూడా దంపుడు చప్పుడుతో పాటే గడిలో పడింది. బస్టాండు దగ్గర చెరకు రసం బండికి కట్టిన గజ్జెల మోతను కెజియా అంతకు ముందే ఫోనులో పట్టి తెచ్చుకున్నది. ఆ మూడింటినీ కలిపి ఆమె బీటు కట్టింది. కోటగిరి వైపు వరికోత యంత్రం నడిపి అప్పుడే వచ్చిన తండ్రి బాలరాజ్, చెప్పులైనా విడవకుండా గడపలోనే భుజాలు ఎగరేశాడు.

ఆ వర్షాకాలంలో బాలరాజ్‌కు డెంగీ వచ్చింది. నిజామాబాద్ దవాఖానలో అతని రక్తకణాలు పడిపోతున్నాయని డాక్టరు చెప్పినప్పుడు, సుచరిత వరండా గోడకు నుదురు ఆనించి మొక్కుకున్నది: “ప్రభువా, ఈయనను ఇంటికి పంపు. నా ఇంట్ల అన్నింటికన్న ప్రియమైనది నీకిస్త.”

బాలరాజ్ ఇంటికి వచ్చాడు.

వారి చర్చిలో ఒక ఆచారం ఉన్నది. ఆపద గడిచిన ఇంటివారు ఆదివారం ఆరాధనలో లేచి, జరిగిన మేలును సాక్ష్యంగా చెప్పి, కృతజ్ఞతగా ఒక కానుకను బల్ల మీద పెడతారు. ఒకరు బియ్యం బస్తా తెస్తారు, మరొకరు ఫ్యాను తెస్తారు. శనివారం నాడు సుచరిత ఇల్లంతా కలయజూసింది. చెవుల కమ్మలు అప్పటికే దవాఖాన ఖర్చు కింద పోయాయి. అన్నింటికన్న ప్రియమైనది అన్న మాట నోటితో అన్నది కాబట్టి తక్కువది ఇవ్వడానికి భయపడింది. ఆమె చూపు బీట్ ప్యాడ్ పెట్టె మీద ఆగింది. అదీ వాద్యమే కదా, మందిరంలో ఉంటే బిడ్డ అక్కడే వాయించుకుంటుంది కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నది. కెజియా అప్పుడు పక్క గదిలోనే చదువుకుంటున్నది. పిలిచి ఒక్క మాట అడగడానికి నాలుగడుగులు కూడా వేయనక్కర లేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. అందుకే అడగలేదు.

మరునాడు సుచరిత సాక్ష్యం చెప్పి, చీరకొంగు కింద నుంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. సంఘమంతా ఒక్క గొంతుతో “స్తోత్రం!” అన్నది. పాటలు పాడే ఆడపిల్లల నడుమ కూర్చున్న కెజియా పెట్టెను చూసింది. తర్వాత తల్లిని చూసింది.

“కెజియా తల్లీ, నీ నాయినను దేవుడు కాపాడిండు. నువ్వు గూడ ఒక మాట చెప్పు” అన్నాడు పాస్టరు.

కెజియా లేచి, “స్తోత్రం” అని కూర్చున్నది.

ఆ వారంలోనే పాటల సాధన జరిగింది. చాపలు పరచడానికి సుచరిత కూడా వెళ్లింది. కీబోర్డు వాయించే గోపాల్ కొత్త పరికరానికి తీగలు తగిలించి ఒక గడిని నొక్కాడు. పెద్ద స్పీకరులో నుంచి గిన్నె ఖంగుమన్నది.

“ఎవరింట్ల అంట్లు తోముతుండ్రే?” అని ఒక అమ్మాయి అనగానే అందరూ నవ్వారు. గోపాల్ మరొక గడిని నొక్కాడు. దంపుడు చప్పుడు, దాని వెనుకనే పూలమ్మ గొంతు, “ఈ పోరికి పిచ్చి లేసింది!” మందిరం గొల్లుమన్నది.

“ఆగుండ్రి, ఇవన్ని తీసేసి డోలక్‌లు, తబలాలు ఎక్కిద్దాం” అన్నాడు గోపాల్. అది అతను తెలిసి చేసిన తప్పేమీ కాదు.

ఆగుమని అరవాలని సుచరిత నోరు తెరిచింది. దేవునికి ఇచ్చినదాని మీద ఇంకా నీకేమి హక్కు అని ఎవరైనా అడుగుతారేమోనని నోరు మూసుకున్నది. తన గిన్నె, తన అత్త గొంతు, బస్టాండు గజ్జెలు ఒక్కొక్కటిగా చెరిగిపోయాయి. కెజియా చాప అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ తల ఎత్తలేదు.

“చెల్లె, నీకొస్తది గదా, నువ్వే కొట్టరాదూ?” అన్నాడు గోపాల్.

“నాకు రాదన్నా.”

ఆ తర్వాత ఆ పరికరానికి అక్కడ పని లేకపోయింది. వారి పాటలకు అది నప్పలేదు. ఎవరో దాని మీద ఎర్ర అంచు గుడ్డ కప్పారు. ఇంటిలో కెజియా తల్లితో గొడవ పెట్టుకోలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అన్నం పెడితే తినేది. కాని కంచం అంచు మీద, బస్సు కిటికీ మీద, నిద్రపోయే తండ్రి వీపు మీద కూడా తాళం వేసిన ఆ వేళ్లు కదలడం మానేశాయి. సుచరిత దానిని రోజూ చూసింది. ఆఫీసులో ఫైలు అందించేటప్పుడు కూడా, ఇది ఎవరిది, ఎవరికిస్తున్నాను అని చేయి ఒక్క క్షణం ఆగేది.

దసరా సెలవుల్లో ఆమె ఎవరికీ చెప్పకుండా నిజామాబాద్‌లో వాద్యాలు అమ్మే దుకాణానికి వెళ్లింది. దుకాణదారు సాయిబాబు ముందుగా ఒక కీబోర్డు చూపించాడు.

“దీంట్ల వంద తాళాలు తయారుగుంటయ్ అక్కా. మీటల మీద చెయ్యి పెడితే చాలు.”

“తయారుగున్నయి వద్దు తమ్మీ. మా బిడ్డకు గిన్నె చప్పుడు పట్టుకునేది కావాలె.”

“గిన్నె చప్పుడా?” సాయిబాబు నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి, నవ్వు ఆపి రెండు ప్యాడ్‌లు దించాడు. “ఇది చిన్నది, సంచిల పెట్టుకొని తిరగొచ్చు. ఇది పెద్దది, ఎక్కువ చప్పుళ్లు పడ్తయ్, గని కరెంటు లేంది నడవది. మీ బిడ్డ బయట తిరుక్కుంట పట్టుకుంటదా, ఇంట్ల కూసొని కట్టుకుంటదా?”

సుచరిత పెద్దదాని మీద చేయి వేసింది. పోయినదాని కంటె పెద్దది ఇస్తే తప్పు పూడిపోతుందేమోనన్న ఆశ ఆ చేతిలో ఉన్నది. తీసుకుంటానని చెప్పబోయి ఆగింది. అడగకుండా ఇచ్చేసిన చేయి, మళ్లీ అడగకుండానే తెస్తున్నది.

“దాన్నే అడగాలె తమ్మీ” అని వట్టి చేతులతో బయటికి వచ్చింది.

ఇంటికి వచ్చి కెజియా ఎదుట కూర్చుని దుకాణానికి వెళ్లిన సంగతి చెప్పింది. “చిన్నదా, పెద్దదా, నువ్వే చెప్పు బిడ్డా.”

“కొని మళ్ల ఎవరికిస్తవ్?”

సుచరిత దగ్గరికి జరగబోతే కెజియా చేయి అడ్డం పెట్టింది.

“డాడీ కోసం అడిగితే నేనియ్యనా అమ్మా? నేనే తెచ్చి బల్ల మీద పెడుదును. నన్ను అడగలే. అది చాలక మీదికెళ్లి అందరి ముందు నాతోని స్తోత్రం అనిపిచ్చినవ్.”

వద్దంటుందని తాను ఎంత నిశ్చయంగా అనుకున్నదో సుచరితకు అప్పుడు గుర్తుకు వచ్చింది. అడగకపోవడానికి చెప్పుకున్న ఆ ఒక్క సాకు కూడా ఆమెకు మిగలలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడింది. మళ్లీ ఏమి మేలు జరిగిందోనని అందరూ తలలు తిప్పారు.

“నేను పెట్టిన కానుక నాది కాదు. నా బిడ్డది. దాన్ని అడగకుంట తెచ్చి, నా మొక్కు తీర్చుకున్న. నేనిచ్చిన అని మీరందరు స్తోత్రం అన్నరు. అది తప్పు.”

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరుసలో పూలమ్మ తల మీద చేయి పెట్టుకున్నది. “మొక్కి ఇచ్చినంక నోరు తెరుస్తరానే? ఇజ్జత్ తీస్తివి గదా!”

“వెనుకకు తీసుకపోమ్మా” అన్నాడు పాస్టరు మెల్లగా. సుచరిత వెనుదిరిగి కూతురి వైపు చూసింది. కెజియా వద్దని తల ఊపింది.

“వద్దంటున్నదయ్యా” అని చెప్పి సుచరిత కూర్చున్నది.

బయటికి వచ్చేటప్పుడు ఒక ముసలమ్మ సుచరిత చేతులు పట్టుకుని, “సత్తెం చెప్పినవ్ బిడ్డా, నీయసొంటి తల్లి ఉండాలె” అన్నది. చెప్పులు వేసుకుంటున్న కెజియా ఆ మాట విన్నది.

“చూసినవా, మళ్ల నీకే మంచి పేరొచ్చింది.”

సుచరిత ముసలమ్మ చేతుల్లో నుంచి తన చేతులు విడిపించుకున్నది. గేటు దాటిన తర్వాత కెజియా, తల్లి వైపు చూడకుండానే, “రెండో శనివారం నీకు సెలవే గదా. పోదాం. నేనే చూసుకుంట” అన్నది.

దుకాణంలో కెజియా రెండు ప్యాడ్‌ల మీద చాలాసేపు వేళ్లు ఆడించింది. సాయిబాబును ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. సుచరిత ఆమె వెనుకనే, సలహా చెప్పకుండా నిలబడింది. చివరికి కెజియా చిన్నదానినే తీసుకున్నది. పెద్దదే తీసుకొమ్మని సుచరితకు నాలుక చివరి దాకా వచ్చింది, మింగేసింది.

వర్ని మీదుగా బాన్సువాడ పోయే బస్సు కిక్కిరిసి ఉన్నది. వెనుక ఒక్క సీటు దొరికితే, కెజియా పక్కన ఉన్న పెద్దాయనను బతిమాలి తల్లికి కూడా కొంత చోటు చేసింది. “ఇటు జరుగు అమ్మా, కూసో.” బస్సు కుదుపుకు పెట్టె కెజియా ఒడిలో నుంచి జారబోయింది. సుచరిత అలవాటు కొద్దీ చేయి చాచింది.

“ఇట్ల తే, నేను పట్టుకుంట.”

కెజియా పెట్టెను రెండు చేతులతో గుండెకు లాక్కొని, కిటికీ వైపుకు మార్చుకున్నది. “వద్దు. నేనే పట్టుకుంట.”

సుచరిత చాచిన చేతిని వెనుకకు తీసుకుని ఒడిలో పెట్టుకున్నది.