ఫోటోలో గీతలు, నా కుడికన్ను

కుడికంటికి శుక్లం తీయించుకున్న మూడో నెలలో కాగజ్‌నగర్‌లో ఉన్న మా అక్క ఇంటికి వెళ్లాను. ఊరి చివర ఇల్లు. రాత్రి అన్నాలయ్యాక డాబా ఎక్కి పడుకుంటే, ఎన్నో ఏళ్ల తర్వాత చుక్కలు చుక్కల్లాగే కనిపించాయి. అంతకుముందు ఆకాశం నాకు ఒక మసక, అంతే. ఆ సంతోషంలో, బిడ్డ కొనిచ్చిన కొత్త ఫోన్‌ను పిట్టగోడ మీద ఇటుకకు ఆనించి, చీకట్లో ఫోటోలు తీసే మీట నొక్కి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

“ఏంది తమ్మీ, పిలగాని లెక్క జేస్తున్నవ్!” అని అక్క నవ్వింది.

ఫోటోలో చుక్కలు బాగానే పడ్డాయి. కానీ కింద, ఊరి దీపాల వెలుగు ఆకాశంలోకి పాకిన చోట పట్టీలు కనిపించాయి. ముదురు నీలం ఒక పట్టీ, దాని కింద కాస్త లేత నీలం, ఇంకా కింద మరింత లేత. పట్టీకీ పట్టీకీ మధ్య అడ్డంగా సన్నని గీత. ఇంకో ఫోటో తీశాను. అందులోనూ అవే. తలెత్తి ఆకాశం వైపు చూశాను గానీ, అప్పటిదాకా ఫోన్ వెలుగులో ఉన్న కళ్లకు ఏమీ ఆనలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మెరుపులు గానీ, గీతలు గానీ, తెర అడ్డం వచ్చినట్టు గానీ కనిపిస్తే ఆగకుండా రమ్మంది.

ఎడమకన్ను మూసి ఫోటో చూశాను. గీతలున్నాయి. కుడికన్ను మూసి చూశాను. అప్పుడూ ఉన్నాయి. గీతలు ఫోటోలోనే ఉన్నాయేమో అన్న ఆలోచన రావాలి కదా! రాలేదు. రెండు కళ్లూ పోతున్నాయనుకున్నాను. అక్కకు ఏమీ చెప్పలేదు. తెల్లవారి మా ఊరు సిరిసిల్ల బస్సెక్కాను.

నా బతుకంతా కళ్ల మీదే. చిన్నప్పుడు కండెలు చుట్టాను, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడిపాను. ఇప్పుడు అదే షెడ్డులో, నేసిన బట్టను చూసే పని నాది. చుట్టిన తాను విప్పి వెలుతురుకు పెట్టి, తెగిన పోగు, అడ్డంగా నేసే పేకలో తేడా, అడ్డగీత ఎక్కడున్నా సుద్దతో గుర్తు పెట్టాలి. నేను బాగుందంటే బాగున్నట్టే.

ఇంటికి రాగానే ఆ ఫోటో నా భార్య ఫోన్‌కు పంపి, ఏమైనా గీతలు కనిపిస్తున్నాయా అని మామూలుగా అడిగినట్టే అడిగాను.

“గీతలా? ఏం లేవు. అంత నల్లగనే ఉన్నది” అంది.

ఇక నాకు అనుమానం లేదు. లోపం కంటిదే.

మర్నాడు షెడ్డులో తెల్లబట్ట తాను ఒకటి విప్పాను. మధ్యలో అడ్డంగా ఒక గీత లీలగా కనిపించింది. రెప్ప ఆర్పి మళ్లీ చూశాను. పక్కన పనిచేసే అతన్ని పిలిచి వేలు పెట్టి చూపించాను.

“ఏడున్నది అన్నా? నాకైతే ఏం కానొస్తలే” అన్నాడు.

సుద్ద జేబులో వేసుకుని, తాను చుట్టి, మంచి వాటిలో పెట్టేశాను. అన్నేళ్లలో నేను కళ్లతో చూసినదాన్ని చూడలేదన్నది ఆ ఒక్కరోజే.

రాత్రి కంచంలో అన్నం కలుపుతూ కూర్చున్నాను.

“ఏమైంది? నిన్నటిసంది సక్కగ తింటలేవు. ఎవలన్న ఏమన్నన్నరా?” అని నా భార్య అడిగింది.

చెప్పేశాను. ఆమె కోపం పట్టలేకపోయింది.

“కండ్ల ముచ్చట దాస్తరా ఎవలన్న? పొద్దుగాల మొదటి బస్సుకే కరీంనగర్ పోదాం.”

ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే కళ్లలో చుక్కల మందు వేసి గంటసేపు బల్ల మీద కూర్చోబెట్టారు. తర్వాత డాక్టరమ్మ తెల్లటి వెలుగు కంటిలోకి కొట్టి, పైకి చూడమని, కిందికి చూడమని, చాలాసేపు పరీక్షించింది. ఆ కాసేపూ నా చెయ్యి నా భార్య చేతిలోనే ఉంది.

“రెండు కండ్లు మంచిగున్నయి అంకుల్. కంటి లోపలి పొరకు ఏం కాలే.”

“మరి గీతలు ఎందుకు కనవడుతున్నయి మేడం?”

“ఎక్కడ కనవడుతున్నయి?”

“ఫోన్‌ల. ఆకాశం ఫోటోల.”

చుక్కల మందుకు నాకు ఫోన్ కూడా సరిగా కనిపించడం లేదు. నా భార్యే ఫోటో తెరిచి ఇచ్చింది. డాక్టరమ్మ ఫోన్ వెలుతురు పెంచి చూసింది. ఒక్కసారిగా నవ్వింది.

“ఇవేనా? ఇవి నాకు కూడా కనవడుతున్నయి గదా!”

నర్సును పిలిచి చూపించింది. ఆమె కూడా ఉన్నాయంది. నా భార్య ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

“అగో, నిజమే! మరి నా ఫోన్‌ల లేకుండె?”

“మీరు వెలుతురు తగ్గించుకున్నరేమో ఆంటీ.”

ఛార్జింగు అయిపోతుందని ఆమె ఎప్పుడూ వెలుతురు అడుగుకు దించే పెడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆకాశం చీకటి నుంచి వెలుగుకు కొద్దికొద్దిగా మారుతుందట. అన్ని ఛాయలు దాచుకోవడం ఫోన్ వల్ల కాదట. ఫోటోను చిన్నది చేసేటప్పుడు దగ్గరదగ్గర రంగులన్నిటినీ కలిపి ఒకటే రంగు చేస్తుందట. ఒక రంగు ఆగి ఇంకోటి మొదలయ్యే చోట గీత పడుతుంది. వాట్సాప్‌లో పంపితే ఇంకా ఎక్కువవుతుంది.

“చాలామంది వీటిని చూడనే చూడరు అంకుల్. మీరు చూసిన్రంటే మీ కన్ను మంచిగ పనిచేస్తున్నట్టే” అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. రెండు రోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. నా భార్య రెండు చాయ్‌లు తెచ్చి, “ఇంక జర నవ్వు” అంది. ఎండకు కళ్లు తెరవలేక, మూసుకునే నవ్వాను. ఆ పూట ఇద్దరం ఆకలిగా అన్నం తిన్నాం.

మర్నాడు అందరికంటే ముందే షెడ్డుకు వెళ్లాను. నేను మంచి వాటిలో కలిపేసిన తాను ఇంకా బయటికి పోలేదు. విప్పి, కిటికీ దగ్గర ఏటవాలు వెలుగుకు పట్టాను. గీత అక్కడే ఉంది. ఆ కాస్త మేర పేక పలచబడింది. పక్కన పనిచేసే అతను వంగి, తల పక్కకు తిప్పి చూసి, “ఉన్నదే అన్నా! మొన్న నాకు కానరాలే” అన్నాడు. సుద్దతో గట్టిగా గుర్తు పెట్టాను. బట్టలో తప్పు దొరికినందుకు అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

దసరాకు మళ్లీ అక్క ఇంటికి వెళ్లాం. ఫోటోను కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే ఏర్పాటు ఫోన్‌లోనే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. అది వెతికి పెట్టాను. ఈసారి ఫోన్‌ను ఊరి దీపాల వైపు కాకుండా అడవి వైపు తిప్పాను. పట్టీలు చాలావరకు పోయాయి. ఎక్కడో రెండు మిగిలాయి. ఉంటే ఉండనీ అనుకున్నాను.

“గా చుక్కలనేనా, నన్ను గూడ తియ్యి” అని అక్క పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. కదలొద్దని ఎంత చెప్పినా, మధ్యలో దోమ కుట్టిందని చెంప మీద కొట్టుకుంది. ఫోటోలో ఆమెకు రెండు తలలు వచ్చాయి. అది చూసి నా భార్యా, అక్కా కడుపులు పట్టుకుని నవ్వారు.