చాయ్ దగ్గర ఆగని రోజు

ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా సైకిల్ క్లబ్ సాగర్ రోడ్డు ఎక్కుతుంది. గుంపులో పెద్దవాణ్ణి నేనే, వెనకబడేదీ నేనే. తుర్కయంజాల్ దాటాక చాయ్ దుకాణం దగ్గర అందరూ నా కోసం ఆగుతారు. మర్యాదే, కాదనను. కానీ నేను రొప్పుతూ చేరేసరికి వాళ్ల చాయ్ అయిపోతుంది. నేను సైకిల్ దిగీ దిగకముందే ఎవడో ఒకడు లేస్తాడు: "అన్న ఒచ్చిండు, ఇగ పోదాం పాండ్రి." అందరికంటే అలసినవాడికే విశ్రాంతి లేదన్నమాట!

మొన్న ఒళ్లు మండింది. దుకాణం ముందు ఆగకుండా తొక్కుకుంటూ పోయాను.

"అన్నా, చాయ్!" అని వెనక నుంచి అరిచారు.

"మీరు తాగి రాండ్రి!" అన్నాను.

మొదటిసారి నా ముందు ఎవరూ లేరు. హాయిగా ఉంటుందనుకున్నాను గానీ, మెడ మాటిమాటికీ వెనక్కే తిరుగుతోంది. ఇంకా రారేం? ఎవరిదైనా పంక్చరైందా? ఒక పెట్రోల్ బంకు ముందు దిగాను. కూర్చోబుద్ధి కాలేదు. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

చివరికి నన్ను అందుకోవాలని గబగబా తొక్కి, గుంపంతా రొప్పుతూ వచ్చి దిగబోయింది. అప్పటికే నా కాలు పెడల్ మీద ఉంది.

"అందరు ఒచ్చిన్రు గదా, ఇగ పోదాం పాండ్రి."