కింది సగం దాహం

పోయినవి ముందు చెప్పేస్తాను. కింది సగంలో అరవై రెండు ఎర్రచందనం మొక్కలు. పై సగంలో తొమ్మిది. మొత్తం డెబ్బై ఒకటి. ఇవి కాక అడుగు చిల్లిపడిన రెండు బిందెలు, మా ఆయన నాతో మాట్లాడకుండా గడిపిన ఒక వారం. నాటినవి మూడు వందలు గనుక, చెట్ల వరకు చూస్తే నాలుగో వంతు కూడా పోలేదు. ఆ మాట ఇప్పుడు తల ఎత్తుకునే చెప్తున్నాను.

వేంపల్లె దాటి కొండవైపు వెళ్తే మా ఎకరన్నర వస్తుంది. అంతా రాళ్ల నేల. పెళ్లప్పుడు పసుపుకుంకుమ కింద అమ్మ నాకిచ్చింది. అక్కడ చెట్లు పెంచుతామన్నప్పుడు అమ్మ ఒకే మాట అంది.

"నేల నీదే పాపా. అయితే ఆ కొండ కింద ఒక చెట్టు సచ్చిందంటే, దాని తావులో ఇంకోటి బతికించాల. బతికించేదాకా అది కొండకు బాకీ."

నాటే ముందు మా ఆయన గొర్రెల మంద తోలించాడు. మా వైపు ఇది మామూలే. వేసవిలో గొర్రెలను రాత్రిపూట పొలంలో పడుకోబెడితే ఆ పెంట, ఆ ఉచ్చ నేలకు బలం. శనక్కాయ వేసే చేనుకు ఎలా చేస్తామో దీనికీ అలాగే చేశాం. కింది సగం పూర్తయ్యేసరికి కాపరికి నల్లమల మీదికి పోయే తొందర వచ్చింది. పై సగం ఉత్త రాళ్లతోనే ఉండిపోయింది.

మొదటి ఏడాది మా ఆయన కింది సగంలోనే తిరిగేవాడు. అక్కడ మొక్కలు నడుము దాటాయి, ఆకు అరచేతి వెడల్పు. పైవి మోకాలి దగ్గరే ఆగాయి, ఆకు చిన్నది, మందం.

"సూడు మే, మంద మహిమ!" అనేవాడు. "పైవి నీ మాదిరే పొట్టివి."

"పొట్టివే లేప్పా. తాగేది కూడా కొంచెమే," అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. లెక్కలు నాకు బడిలో కంటే శనక్కాయల మిల్లులో మూటలు లెక్కపెడుతూ వచ్చాయి. రెండు వైపులా చెట్టుకొక బిందె పోసి, పాదిలో వేలు గుచ్చి చూసేదాన్ని. కింద రెండో రోజుకే పొడి. పైన నాలుగో రోజుకూ వేలికి చల్లగా తగిలేది. న్యాయంగా చెప్పాలంటే, తాగిన బిందెకు పెరిగిన ఎత్తు చూస్తే కింది చెట్టుదే పైచేయి. కానీ అది తాగే బిందెలు ఎక్కువ. కారం సంగటి తిన్నవాడు చెంబు చెంబుకూ నీళ్లడిగినట్టు.

రెండో ఏడు తొలకరి పడింది, చెట్లన్నీ చిగిర్చాయి, ఆ తర్వాత వాన మొహం చాటేసింది. బోరు పొద్దున కాసేపు పోసి ఆగిపోయేది. పట్టుకుంటే ముప్పై బిందెలు. కింది సగం వాడడం మొదలుపెట్టింది. చచ్చిన వాటిని పీకి చూస్తే మూరెడు వేరు, అదీ పెంట ఉన్న పై మట్టిలోనే చాపలా పరుచుకుని ఉంది. పైన చచ్చిన ఒకదాన్ని పీకబోతే రాలేదు. వేరు రాళ్ల సందుల్లోంచి నిలువుగా దిగిపోయింది. చివరికి తెగింది గానీ కదల్లేదు.

కింద ఎనభై ఎనిమిది మిగిలాయి. రోజు విడిచి రోజు బిందె పోయాలంటే నలభై నాలుగు కావాలి. ఉన్నవి ముప్పై. చెట్టు తాగేది ఆకు కోసమే కదా, ఆకును తగ్గిస్తే దాహమూ తగ్గాలి అనుకున్నాను. తెల్లారేసరికి చేలోకి వెళ్లి, మూడింట రెండు వంతుల ఆకు దూసి ఆ పాదుల్లోనే పరిచాను.

మా ఆయన వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏం చేస్తాండావు మే? అహోబిలానికి మొక్కుకున్నట్టు అన్నిటికీ గుండ్లు కొట్టినావే!"

"తల వుంటే ఎంటికలు మళ్లీ వస్తాయి."

"సచ్చినాయంటే?"

"సస్తే మా అమ్మకు నేను చెప్పుకుంటా. పోప్పా, బిందె అందుకో."

అందుకున్నాడు, కానీ మాట్లాడలేదు. ఆ వారం అదే. ఒక్కో చెట్టుకు మూడు రోజులకొక బిందె, అంటే రోజుకు ముప్పైకి లోపే సరిపోయింది. పై సగానికి చుక్క పోయలేదు. వారం దాటాక ఒక పొద్దున కింది వరసలోంచి కేక వినిపించింది.

"మే! ఈడ రా, చిగురు!"

వానొచ్చేవరకు ఆ ఎనభై ఎనిమిదిలో ఒక్కటి కూడా పోలేదు. పైన ఆ తొమ్మిదే.

ఇప్పుడు కాపరి ఏటా అడుగుతాడు, "మంద తోలేదా అక్కా?" అని. జవాబు నా కంటే ముందు మా ఆయనే చెప్తాడు. "మా ఆమె లెక్క వేరప్పా. ముందు వేరు కిందికి దిగాల. రెండు వానకాలాలు దాటినాక చెట్టుకొక గంప పెంట, అంతే." తానే కనిపెట్టినంత ధీమాగా చెప్తాడు. వింటూ నవ్వుకుంటాను. ఆ ధీమా చూస్తే నాకు మా చెట్లను చూసినంత సంతోషం.

పోయిన వాటి చోట్లలో మళ్లీ నాటుతూ వచ్చాం, ఈసారి పెంట లేకుండా. యాభై నాలుగు నిలిచాయి. మిగతా గుంటల్లో రాయి అడ్డం, రెండు సార్లు నాటినా పట్టుకోలేదు. మొన్న అమ్మ కర్ర పట్టుకుని మెల్లగా గట్టెక్కి వచ్చింది. పెద్ద చెట్లను చేత్తో తడిమి, నీడలో కూర్చుని నా మొహం చూసింది.

"శానా బాగుండాయి పాపా. కొండకు బాకీ ఇంకా ఎన్ని?"

"పదిహేడు మా."